మిగులు వైరు

మర్రిపాడు నుంచి సిద్ధయ్య ఫోన్ చేశాడంటే నాకు సగం ప్రాణం పోతుంది. ఆత్మకూరులో షాపు మూసి, మండే ఎండలో బండి మీద పోయి రావాలి. ఈసారి ఫిర్యాదు కొత్తది. సాయంత్రమయ్యేసరికి బోరు మోటారు దానంతటదే ఆగిపోతోందట. నిమ్మ మొక్కలు వాడిపోతున్నాయట. అమ్మింది నేను గనక తిట్లు కూడా నావే.

కిందటిసారి పిలిచింది వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ కోసం. ఆమెకు చెవి మిషను పెట్టించారు. ఫోనుతో నడిచే స్టార్టరుకు, బోరులో నీటిమట్టం చూసే పెట్టెను నేను కలిపిన రోజు నుంచి, మోటారు తిరిగినంతసేపూ ఆ మిషనులో గుర్రుమని ఒకటే మోత. ఏ పెట్టెకు ఆ పెట్టెను పరీక్ష చేసి ముద్ర వేశారు కదా అని సిద్ధయ్య వాదన. వేశారు, కాదనను. విడివిడిగా, బల్ల మీద, మూరెడు వైరుతో చూసి వేశారు. రెంటినీ కలిపి, బోరులోకి దిగే వైరులో మిగిలినదంతా చుట్ట చుట్టి ఆమె మంచం పక్క గోడకు తగిలిస్తే ఏమవుతుందో ఎవరు చూశారు? స్టార్టరులో పుట్టే రొద ఆ వైరెక్కి, చుట్టలోంచి గాలిలోకి పోతోంది.

వైరుకు ఇనప రింగులు తొడిగాను. మోత తగ్గింది గానీ పోలేదు. మిగులు కోసేద్దామంటే సిద్ధయ్య నా చేతిలోంచి కట్టర్ లాక్కున్నాడు. ఈ మెట్ట ఊళ్ళలో ఎవరూ వైరు కొయ్యనివ్వరు. ఏటా నీళ్ళు లోతుకు పోతాయి, ఏటా మోటారును ఇంకాస్త దించాలి, దాంతోపాటు వైరూ దిగాలి. అతుకు పెడితే నీళ్ళలో నానుతుంది. నిరుడు అలాగే అతుకులో తడి చేరి మోటారు కాలిపోయింది. అతనిదీ తప్పు కాదు. ఇక వాదించే ఓపిక లేక ఆ రోజు వచ్చేశాను.

ఇప్పుడు రెండు పెట్టెలూ విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి, మోటారూ తిరుగుతూనే ఉంది. విసుగొచ్చి అరుగు మీద కూలబడ్డాను.

ఇంతలో స్కూలు ఆటో వచ్చి, సిద్ధయ్య కూతురు అశ్విత దిగింది. ఆదిలక్ష్మమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి, స్టార్టరు మీది ఎర్ర బటన్ నొక్కింది. మోటారు ఆగింది. కొంగుముడి విప్పి మిషను తీసి చెవిలో పెట్టుకుంది. పిల్ల ఆమె ఒళ్ళో చేరి, బడిలో ఎవరు ఎవరిని గిల్లారో చెప్పడం మొదలుపెట్టింది. ఇంతసేపూ నేను పెట్టెల్లో వెతికిన జబ్బు ఇది.

సిద్ధయ్య తోటలోంచి రొప్పుతూ వచ్చాడు. మళ్ళీ ఆగిందంటూ నా మీద విరుచుకుపడ్డాడు. ఆదిలక్ష్మమ్మే చెప్పింది.

"ఆయబ్బిని అనబాకరా. నేనే ఆపినాను. నీ చెట్లు పొద్దున్నుంచీ తాగతానే ఉండాయి. నన్నొక గంట ఇననీ."

సిద్ధయ్య బటన్ వైపు చెయ్యి చాపాడు. పిల్ల మాట ఆపేసి నాయన వంక చూసింది. అతను తోట వైపు చూశాడు, గోడకున్న వైరు చుట్టను చూశాడు. చెయ్యి దించుకుని మంచం చివర కూర్చున్నాడు.

"ఊ, తర్వాత ఏమైంది మే?" అని కూతుర్ని అడిగాడు.

నేను పెట్టెల మూతలు చప్పుడు కాకుండా బిగించుకున్నాను.