పదునుకు వాయిదా లేదు

వాణిజ్య కోర్టుల చట్టంలో 12ఎ సెక్షన్ రాసినవాళ్ళెవరో గానీ, వాళ్ళకు మెట్ట పొలం లేదని మాత్రం ఖాయంగా చెప్పగలను. వ్యాపార తగాదా ఏదైనా సరే, కోర్టు గడప తొక్కే ముందు మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలట. మంచి మాటే, కాదనను. సగం కేసుల్లో జనానికి కావలసింది తీర్పు కాదు, తమ గోడు వినే మనిషి. కానీ ఆ మాటలకు నెలలు పడతాయి. కోర్టు సాయం అత్యవసరంగా కావలసినవాళ్ళు మాత్రం మధ్యవర్తిని దాటి నేరుగా రావచ్చని అదే సెక్షన్ ఒక సందు వదిలింది. ఆ సందులోంచి డోన్ లక్ష్మక్కను లోపలికి తీసుకుపోవడానికి కర్నూలు కోర్టులో ఈ శివాని వకీలు పడిన పాట్లు ఇవి.

లక్ష్మక్కది విత్తనాల వ్యాపారం. డోన్ చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ విత్తనమంటే ఆమె దగ్గరికే వస్తారు. కాయలు చేత్తో ఏరించి, పుచ్చులు తీయించి, మూటలు కట్టిస్తుంది. ఈసారి చోటు చాలక మూటలన్నీ ఈరేష్ గోడౌన్‌లో దాచింది. ఈరేష్‌ది కడప జిల్లా వేంపల్లె. పొలాలు అక్కడ, గోడౌన్ మాత్రం డోన్‌లో. ధర పెరిగేసరికి ఆయన మాట మార్చాడు. "నువ్వు దాచమన్లేదక్కా, నాకు అమ్మినావు" అని తాళం తీయడం మానేశాడు. దాచడం నోటిమాట మీదే జరిగింది, కాగితం ముక్క లేదు. ఇంకొన్నాళ్ళు పోతే మూటలు నూనె మిల్లుకు వెళ్ళిపోతాయి.

"మాటిచ్చినా పాపా" అంది లక్ష్మక్క నా ఆఫీసులో కూర్చుని. "వాన పడినాక రైతులొచ్చి నా వాకిట్లో నిలబడితే ఏ మొగం పెట్టుకోని మాట్లాడాల? ఈ ఏడు బుడ్డలు ఇయ్యలేదంటే మళ్ళా నా గడప ఎవురు తొక్కుతారు?"

బుడ్డలంటే వేరుశనగే. మా కర్నూలు వైపు అలాగే అంటాం.

దావా వేశాను. మధ్యవర్తి దగ్గరికి పోయినట్టు కాగితం ఏదని కోర్టు ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. అర్జెంటు కేసుకు అది అక్కర్లేదని వాళ్ళతో గట్టిగానే పోట్లాడాను. అర్జెంటో కాదో జడ్జి గారే తేలుస్తారన్నారు. ఈరేష్‌కు కూడా నోటీసు వెళ్ళింది.

విచారణ రోజున ఈరేష్ తెల్లచొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. ఆయన వకీలు నవీన్. కాలేజీలో నా పక్క బెంచీ. వాడికి వాదించడం బాగా వచ్చు, అదే నాకు మంట.

"మేడం, ఆకాశంలో మబ్బు ముక్క లేదు" అన్నాడు నవీన్. "వేరుశనగ కుళ్ళిపోయే సరుకూ కాదు. వేసవంతా ఊరుకుని ఇప్పుడు అర్జెంటంటున్నారు. మధ్యవర్తిని తప్పించుకోవడానికి తగిలించిన మాట తప్ప ఇందులో తొందరేమీ లేదు. అలాంటి నటనను చట్టం ఒప్పుకోదు."

జడ్జి గారు గోదావరి పక్కనుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చారు. నెమ్మదస్తురాలు. కళ్ళజోడు సర్దుకుని, "వేసవంతా ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని లక్ష్మక్కనే అడిగారు.

"ఎండల్లో ఇత్తనాలేం చేసుకోవాల మేడం?" అంది లక్ష్మక్క. "ఊరకేం లేను. పోయి అడిగినా. పోయినప్పుడల్లా మాట్లాడుకుందాంలే అక్కా అని మజ్జిగిచ్చి పంపిచ్చినాడు."

జడ్జి గారు నవ్వారు. "మజ్జిగ దాకా వచ్చారంటే మాటలు కలుస్తాయి. ఆ మాటలేవో మధ్యవర్తి ముందే మాట్లాడుకోండి. వాన పడితే ఓ వారం తర్వాత విత్తుకోకూడదా?"

నా గొంతు లేచింది. "మేడం, మాది కాలువ నీళ్ళ సేద్యం కాదు. వాన పడ్డాక విత్తడానికి వీలుగా నేలలో తడి ఉండే సమయాన్ని పదును అంటాం. ఎర్రనేల మీద రెండు మూడు రోజులు ఎండ కాసిందంటే ఆ పదును పోతుంది. మళ్ళీ వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ పూట మూట చేతిలో లేకపోతే తర్వాత గోడౌన్ మొత్తం ఇచ్చినా లాభం లేదు."

"కొంచెం నెమ్మదిగా" అన్నారు జడ్జి గారు. ఆవిడకు నమ్మకం కుదరలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తూము ఎత్తితే నీళ్ళొచ్చే ఊళ్ళో పెరిగిన మనిషికి ఎలా నచ్చజెప్పాలో నాకు తోచలేదు. ఆవిడ పెన్ను తీసి, ఆర్డరు చెప్పడానికి పక్కనున్న స్టెనో వైపు తిరిగారు. వెనక బెంచీలో లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు హాల్లో వెలుతురు తగ్గింది. కిటికీలోంచి మట్టి వాసన కొట్టింది. బయట రేకుల షెడ్డు మీద చినుకులు టపటపమని మొదలై, ఒక్కసారిగా జోరందుకున్నాయి. హాలంతా కిటికీ వైపు తిరిగింది. వకీళ్ళు, గుమాస్తాలు, అటెండరు, అందరికీ ఎక్కడో ఓ చోట చారెడు నేల ఉంది మరి.

ఆ సందడిలో ఈరేష్ జేబులో ఫోన్ మోగింది. కోర్టులో ఉన్నానన్న సంగతే మరిచిపోయి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆఁ చెప్పు! ఆడ గూడా పడిందా? తడి జానెడు దిగిందా? ఇంగేం చూస్తాండారు, ఇత్తనాల గొర్రు కట్టండి! రేపు గీపు కుదర్దు, ఎండ కాసిందంటే నేల బిగుసుకుంటాది. మళ్ళా వాన ఎవురు చూసినారు? నేనొచ్చేదాకా ఆగొద్దు!"

అటెండరు ఫోన్ లాక్కోవడానికి పరుగెత్తాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆపారు.

"ఈరేష్ గారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మా ఇంట్లోవాళ్ళతో మేడం. తప్పైపాయ."

"ఏమిటంత తొందర?"

ఈరేష్ ముఖం వెలిగిపోయింది. "వేంపల్లెలో పదునైంది మేడం! ఈ పొద్దో రేపో ఎయ్యకపోతే ఈ ఏడు చెనక్కాయల మీద ఆశ లేనట్లే."

"ఓ వారం ఆగితే?"

"వారమా?" ఈరేష్ నిజంగానే విస్తుపోయాడు. "మేడం, మీది ఏ ఊరు?"

హాలంతా గొల్లుమంది. నవీన్ ఆయన చొక్కా పట్టుకుని లాగాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. జడ్జి గారు కూడా కళ్ళజోడు తీసి నవ్వుకున్నారు.

"నవీన్ గారూ, అర్జెంటు లేదని ఇంకా వాదిస్తారా?"

"లేదు మేడం" అన్నాడు నవీన్ తల వంచుకుని.

మధ్యవర్తి దాకా పోకుండానే దావా తీసుకున్నారు. విత్తనం వెంటనే లక్ష్మక్కకు ఇవ్వాలి. సరుకు ఈరేష్‌దని చివరికి తేలితే విలువ కడతానని ఆమె కోర్టుకు హామీ ఇవ్వాలి. ఎవరిదన్న తగాదా మాత్రం విత్తడాలయ్యాక ఇద్దరూ మధ్యవర్తి ముందు తేల్చుకోవడానికి ప్రయత్నించాలి. ఇదీ ఆర్డరు. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు?

లక్ష్మక్క హామీ మీద సంతకం పెట్టి వరండాలోకి వచ్చింది. అక్కడ నవీన్ తన పని తాను చేశాడు. "ఆర్డరు కాపీ వచ్చాకే తాళం తీయండి" అని ఈరేష్‌కు చెప్పాడు.

"కాపీ ఎప్పుడొస్తాది సార్?"

"సాయంత్రం."

"సాయంత్రానికి నేను చేన్లో ఉండాల సార్." ఈరేష్ వాన వైపు చూశాడు, తర్వాత లక్ష్మక్క వైపు. "ఏమక్కా, ఈ వానలో బస్సుకేం పోతావు, జీపెక్కు. డోన్ మీదనే పోతాండా. తాళం తీసిచ్చి పోతా."

"నీ పాసుగాల! తీసిచ్చేదానికి నన్ను కోర్టు దాకా తెచ్చినావా?" అని తిడుతూనే లక్ష్మక్క ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

సాయంత్రం కాపీలు వచ్చాయి. అంత అర్జెంటుగా ఇచ్చిన ఆర్డరు తీసుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. నేనూ నవీనూ చెరో కాపీ పట్టుకుని క్యాంటీన్‌లో టీ తాగుతుంటే లక్ష్మక్క ఫోన్ చేసింది. ట్రాక్టర్ల మోతలో వినపడక స్పీకర్ పెట్టాను.

"మూటలన్నీ పల్లెలకు పోయినాయి పాపా! ఈరేషు గూడా వేంపల్లెకు పాయె. ఇత్తనం చాల్లేదని వాళ్ళింటి నుంచి ఫోనొస్తే రెండు మూటలు జీపులో ఏసి పంపిచ్చినా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "అక్కా! అవి ఎవరివన్నదే కదా మన కేసు! ఆయనకెందుకిచ్చినావు?"

"అడిగినాడు పాపా. తాళంచెవి ఆయప్ప చేతిలోనే ఉండాది, తీసుకుంటే ఎవురొద్దంటారు? అట్ల చెయ్యలేదు. రైతులందరి ముందర నిలబడి, అక్కా, నీ ఇత్తనం రెండు మూటలియ్యి, పంటొచ్చినాక నీకు తిరిగిస్తా అన్నాడు."

"నీ ఇత్తనం అన్నాడా? అందరి ముందరా?" అన్నాను. నవీన్ టీ గ్లాసు కింద పెట్టి, చేతిలోని ఆర్డరు కాపీ మడిచాడు.

"మధ్యవర్తి దగ్గరికి ఎప్పుడు పోదాం?" అన్నాడు.

"విత్తడాలైపోనీ" అన్నాను.