పైలట్ గడిలో పేరు

పెళ్లయి మూడు నెలలు నిండకముందే ప్రసన్నకుమారికి ఒక సంగతి తెలిసింది. తన మొగుడు పైలట్ కాడు. పైలట్ తన అత్త.

ఆ సంబంధం కుదిరినప్పుడు ఏర్పేడులో ఆమె స్నేహితురాళ్లు చేసిన గోల అంతా ఇంతా కాదు. పెళ్లికొడుకు ప్రతాప్‌ది ఐరాల పక్కన పల్లె. పది రోజులు శిక్షణ తీసుకుని, డ్రోన్ నడపడానికి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మహిళా సంఘం వాళ్లు కొన్న డ్రోన్‌తో పొలాల మీద మందు కొడతాడు. స్నేహితురాళ్లు డ్రోన్ సంగతి పక్కన పెట్టి, పైలట్ అన్న మాట ఒక్కటీ పట్టుకున్నారు. చర్చి ముందు కట్టిన ఫ్లెక్సీలో ప్రతాప్ తలకు తెల్లటోపీ, వెనక విమానం, విమానం కిటికీలో చెయ్యి ఊపుతూ ప్రసన్న. ఆ ఫ్లెక్సీని ఆమె పారేయలేదు. చుట్టచుట్టి అత్తగారింటికి తెచ్చుకుని బీరువా మీద దాచుకుంది.

ఐరాల దగ్గరి రైతు సేవా కేంద్రానికి బదిలీ చేయించుకుని, అక్కడే వ్యవసాయ సహాయకురాలిగా చేరింది. కొత్త కాపురంలో ఆమెకు అన్నీ పండగలే. పొద్దున్నే బండి మీద ప్రతాప్ వీపుకు ఆనుకుని పోవడం పండగ. చెరుకుతోటల మధ్య వాన పడ్డ మట్టివాసన పండగ. అన్నిటికన్నా పెద్ద పండగ మధ్యాహ్నం క్యారియర్ విప్పడం. పైగిన్నె మూత లోపలివైపు ప్రతాప్ చెరగని ఇంకు పెన్నుతో 'తిన్నావా' అని రాసి పెట్టాడు. రోజూ అదే మూత, అదే మాట. అయినా రోజూ కొత్తగా చూసి నవ్వుకునేది.

ఆగస్టులో రెండో శనివారం సెలవు. మొగుడు ఎగరేస్తుంటే చూడాలని ముచ్చటపడి తనూ పొలానికి బయల్దేరింది. మునిశేఖర్ అనే రైతు చెరుకుతోట అది. చెరుకు మనిషిని మించి పెరిగింది. ప్రతాప్ డ్రోన్ రెక్కలు విప్పాడు, బ్యాటరీ బిగించాడు, మందు నింపాడు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. ప్రసన్న నాలుగు ఫొటోలు తీసింది. అంతా అయ్యాక అతను రిమోట్ తీసుకుపోయి వాళ్లమ్మ సంతోషమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వు నడపవా?" అని ప్రసన్న మెల్లగా అడిగింది.

"నడిపినాను, మొదుట్లో. మూడు దినాలు," అన్నాడు ప్రతాప్. "కావాలంటే మునిశేఖరన్న కొబ్బరిచెట్టు నడుగు."

"ఒక చెట్టా అబ్బా, రెండు," అన్నాడు మునిశేఖర్ గట్టు మీద నుంచి. "మీ అమ్మ సేతికి పోయినాకనే మా చెట్లు ఊపిరి పీల్చుకున్నాయి."

"ట్రైనింగులో అంతా బయలు ప్రసన్నా. చెట్టు లేదు, కరెంటు తీగె లేదు. ఈడ యాడ జూసినా తీగెలే. సేతులు సెమట పట్టేస్తాయి."

"మరి అత్త పేరుతోనే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గదా."

"దానికి పది పాసై ఉండాల. అమ్మ పది తప్పింది."

"లెక్కల్లో ఇరవై ఏడు," అంది సంతోషమ్మ ఇటు తిరక్కుండానే. "అది గూడా సెప్పు నీ పెండ్లానికి, బాకీ ఎందుకు."

సంతోషమ్మ కొంగు వదిలి గాలి ఎటు లాగుతుందో చూసింది. ఒక్క నిమిషం అలాగే నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, బొటనవేళ్లు రిమోట్ మీద పెట్టింది. డ్రోన్ లేచింది. చెరుకు ఆకుల మీద నాలుగడుగుల ఎత్తున, తీగె లాగినట్టు తిన్నగా పోయి, గట్టు దగ్గర మళ్లి, పక్క సాలు పట్టింది. ఒక్క సాలు తప్పలేదు. ఒక్క ఆకు విరగలేదు. ప్రసన్న మొగుడు పైలట్ కాడన్న బాధ మర్చిపోయి నోరు తెరుచుకుని చూసింది. ఆ రాత్రి ఏర్పేడు స్నేహితురాళ్లకు ఫొటోలు మాత్రం పంపింది. ప్రతాప్ నల్లకళ్లద్దాలతో ఉన్నవి.

బాధ నెలాఖరులో వచ్చింది. ఆ చుట్టుపక్కల డ్రోన్‌తో ఎవరి పొలంలో ఏం మందు కొట్టారో రాసి పై ఆఫీసుకు పంపే కాగితం ప్రసన్న బల్ల మీదికి వచ్చింది. తేదీ, రైతు పేరు, పంట, పైలట్ పేరు, సర్టిఫికెట్ నంబరు. అడుగున, ఇవన్నీ నిజమని సహాయకురాలి సంతకం.

"నా పేరు రాసెయ్యి," అన్నాడు ప్రతాప్ ఇంట్లో. "నేనూ ఆడనే ఉంటిని గదా. బ్యాటరీ బిగించింది నేను, మందు పోసింది నేను."

"నడిపింది?"

ప్రతాప్ తల గోక్కున్నాడు. "నీకంటే ముందు ఆ సీట్లో ఉండే ఆయప్ప అట్లే రాసేవాడు."

సంతోషమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. కెలికే కట్టె కాస్త గట్టిగా తిరిగింది.

ప్రతాప్ పేరు రాస్తే ఇంట్లో ఎవరికీ నొప్పి లేదు, ఫ్లెక్సీలో తెల్లటోపీ కూడా నిలబడుతుంది. అత్త పేరు రాస్తే డ్రోన్ ఆపేస్తారు. పెళ్లయిన మూడో నెలలో కోడలు అత్త మీద ఫిర్యాదు రాసిందని పల్లె అంతా చెప్పుకుంటుంది. పైగా అత్త ఎంత బాగా నడుపుతుంది. ప్రసన్న రెండు రోజులు కాగితం సంచిలో పెట్టుకుని తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం, సరే, ప్రతాప్ పేరే రాసేద్దామని అనుకుని, ఆఫీసు నుంచి నేరుగా పొలానికి క్యారియర్‌తో పోయింది. ముగ్గురూ కలిసి తిందామని.

ఆ రోజు మునిశేఖర్ తోటలో మిగిలిన సగం. చెరుకు ఎత్తుకి అవతలి అంచు కనబడదు. సంతోషమ్మ ఇవతల కళ్లం నుంచి డ్రోన్ లేపి, దాన్ని కళ్లతో వెంబడిస్తూ గట్టు మీద నడుచుకుంటూ తోట అవతలికి పోయింది. ప్రతాప్ వేపచెట్టు కింద బ్యాటరీలు సర్దుతున్నాడు. డ్రోన్ లేచిన చోట కళ్లం శుభ్రంగా, చదునుగా ఉంది. ప్రసన్న అక్కడే పాత గోతంసంచి పరిచింది. గిన్నెలు విడదీసింది. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, పుల్లగూర. మూత తిరగేసి 'తిన్నావా' చూసి నవ్వుకుంది.

చెరుకు మీదుగా హోరు వినబడింది. తల ఎత్తేసరికి డ్రోన్ నేరుగా తన మీదికే వస్తోంది. ఎవరూ పిలవని చుట్టంలా, తొందర లేకుండా.

"ప్రసన్నా, లెయ్," అని ఒక్క కేక. ప్రతాప్ ఎప్పుడు పరిగెత్తాడో తెలియదు. ఆమె రెక్క పట్టి లాగి, చెరుకు సాల్లోకి తోసి, తనూ మీద పడ్డాడు. డ్రోన్ కళ్లం నడుమ దిగింది. సంగటి ముద్దలు చెరుకు మీదికి లేచిపోయాయి. మూత ఒకటి గింగిరాలు తిరుగుతూ పోయి వేపచెట్టుకు తగిలింది. రెక్కలు ఆగేసరికి ఊరిబిండి ప్రతాప్ కళ్లద్దాల మీద ఉంది.

సంతోషమ్మ గట్టు వెంబడి ఆయాసపడుతూ వచ్చింది. రిమోట్ ఇంకా చేతిలోనే. "నేను దింపలేదు, నేను దింపలేదు. అది నా మాట ఇనకుండా దానంతట అదే వొచ్చేసింది."

"బ్యాటరీ అయిపోతే అది యాడ లేచిందో ఆడికే వొస్తాది మా," అన్నాడు ప్రతాప్. "మనిషి యాడుండాడని సూడదు. రిమోట్ తెరలో సెప్తాది గదా, ఎర్రగా."

"ఇంగ్లీషులో ఏందో వొచ్చింది. కుయ్‌కుయ్‌మని కూసింది. అది ఎప్పుడూ కూస్తానే ఉంటాది గదా అనుకుంటి."

మునిశేఖర్ వచ్చి చెరుకు ఆకుల మీది సంగటి చూసి, "ఈ మందు ఏ పురుక్కప్పా," అన్నాడు. అప్పటికి నలుగురూ నవ్వారు. ప్రసన్న అందరికన్నా ఎక్కువ నవ్వింది. అంత నవ్వూ ఇంటికి వచ్చి మూత కడుగుతుంటే పోయింది. అంచు నుంచి నడుమ దాకా రెండంగుళాల చీలిక. 'తిన్నావా'లో 'న్నా' మీదుగా పోయింది. స్టీలు మూత. ఆమె దాన్ని తుడిచి అరలో పెట్టింది.

మరుసటి రోజు సాయంత్రం ప్రసన్న కాగితం తెచ్చి అత్త ముందు పెట్టింది.

"పంపకముందు నువ్వు సూడాల అత్తా. నీకు తెలీకుండా పంపితే నేను నీ ఇంట్లో అన్నం తినలేను."

సంతోషమ్మ కాగితం దీపం వెలుతురుకు పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. పైలట్ పేరు, సంతోషమ్మ. సర్టిఫికెట్, లేదు. కింద ప్రసన్న రాసిన నాలుగు వరుసలు. ఇరవై తొమ్మిదో తేదీన డ్రోన్ మనిషి కూర్చున్న చోట దిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు, శిక్షణ లేనివాళ్లు నడపడం ఆపించాలి.

"ఇది పంపితే డ్రోన్ ఆపేస్తారు," అంది ప్రసన్న. "పల్లెలో నన్ను తిడతారు. నువ్వు కూడా తిట్టు. నీ అంత బాగా ఎవురూ నడపలేరని నాకి తెలుసు. కానీ ఆ కూత ఏందో తెలియకుండా నడపకూడదు అత్తా."

ప్రతాప్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంతోషమ్మ లేచి అరలోంచి మూత తీసింది. చీలికలో వేలు పెట్టింది. వేలు ఆ పక్కకి వచ్చింది.

"నిన్నట్నుంచి ఆ రిమోట్ ముట్టలేదు నేను," అంది. "ఎవురికి సెప్పేది. నా కోడలి తల మీదికి నేనే తోలితి అని యాడ సెప్పేది." మూత పక్కన పెట్టి మళ్లీ కాగితం తీసుకుంది. "ఇంటిపేరు రాయలేదే."

"అత్తా?"

"వొట్టి సంతోషమ్మ అని రాస్తే ఈ మండలంలో నూరు మంది ఉండారు. తోటంతా నడిపింది నేను. ఇంటిపేరు సక్కంగా రాయి."

ప్రసన్న ఇంటిపేరు రాసింది. ఏడుస్తూ, నవ్వుతూ రాసింది. అక్షరాలు కాస్త వంకర పోయాయి.

మూడు వారాలు డ్రోన్ సంఘం గదిలో కూర్చుంది. సంఘంలో ఇద్దరు ప్రసన్నతో మాట్లాడటం మానేశారు. వాన పడి గది కప్పు కారితే ప్రసన్న పెళ్లి ఫ్లెక్సీ తెచ్చి డ్రోన్ మీద కప్పింది. తెల్లటోపీ సరిగ్గా రెక్కల నడుమకు వచ్చింది. తర్వాత పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న ప్రతాప్ ఒక్కడే నడపాలి, ఇంకెవరూ రిమోట్ ముట్టుకోకూడదు.

ప్రతాప్ నడపక తప్పలేదు. సంతోషమ్మ పక్కన కొంగు గాలికి వదిలి నిలబడేది. "ఎడమకి లాగతాండాది నాయనా. తీగెని సూడొద్దు, సాలు సూడు. బిన్నా తిప్పు, గట్టు వొచ్చేసింది." మొదటి రోజు అర ఎకరానికి పూట పట్టింది. రెండో వారానికి అతని చేతులకు చెమట తగ్గింది. మునిశేఖర్ మాత్రం ముందుజాగ్రత్తగా కొబ్బరికాయలన్నీ దింపించుకున్నాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ప్రసన్న ఓపెన్ స్కూలు దరఖాస్తు తెచ్చి అత్త పక్కన కూర్చుంది. పదో తరగతి లెక్కల పుస్తకం అప్పటికే పొయ్యి పక్కకు చేరింది. దాని మీద చీలిక పడ్డ మూత. సంతోషమ్మ దాన్ని ఇంకే గిన్నెకీ వాడనివ్వలేదు.

పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ రాయడం అయింది.

"చేసే పని?" అని అడిగింది ప్రసన్న.

"పైలట్ అని రాయగూడదా?"

"ఇప్పుడే రాయగూడదు అత్తా."

"సరే, యవసాయం అని రాయి." సంతోషమ్మ పుస్తకంలోంచి తల ఎత్తింది. "పెన్సిల్‌తో రాయి."