పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే అచ్చాయమ్మకి ఆ మధ్యాహ్నం వాట్సాప్‌లో కూతురి వాయిస్ మెసేజ్ వచ్చింది. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న దేవిక ఈ శుక్రవారం సైప్రస్ వెళ్తోందట. మొత్తం ఇరవై మంది. రూమూ తిండీ తీసుకెళ్ళేవాళ్ళే చూసుకుంటారట. అక్కడ ఫోన్ పనిచేస్తుందో లేదో, చేయకపోతే కంగారుపడొద్దంది. గొంతులో సంబరం పొంగిపోతోంది.

అచ్చాయమ్మ తోముతున్న గిన్నె సింకులో వదిలేసి ఆ మాటలు మళ్ళీ విన్నది. మూడు రోజులుగా ఇంటినిండా చుట్టాలు. మామా, అంటే ఇంటి యజమానురాలు, పిలిస్తే పైకి, ఆమె అత్తగారు పిలిస్తే కిందికి. కాళ్ళు తనవి కానట్టున్నాయి. అలసిన మనసు మంచిని నమ్మదు, చెడయితే అడక్కుండానే నమ్మేస్తుంది.

సైప్రస్ అంటే మీకూ నాకూ సముద్రం, ఎండ, ఫోటోలు. రాజోలు వైపు ఆడవాళ్ళకి అది ఇంటిపనికి వెళ్ళే దీవి. అచ్చాయమ్మ వదిన అక్కడే ఓ ముసలావిడకి సేవ చేస్తూ నడుం పోగొట్టుకుంది. ఆమెకి ఏజెంటు చెప్పినవీ ఈ మాటలే. అందరినీ కలిపి తీసుకెళ్తాం, రూమూ తిండీ మాదే, కొన్నాళ్ళు ఫోన్ ఉండదు. కువైట్ వచ్చేటప్పుడు అచ్చాయమ్మ విన్నవీ ఇవే.

అంటే చదువు ఖలాస్. పిల్ల ఎవడి చేతిలోనో పడింది. తల్లికి చెప్పలేక సంతోషం నటిస్తోంది. సంతోషం ఎలా నటించాలో అచ్చాయమ్మకి ఒకరు నేర్పక్కర్లేదు.

అదే ఇంట్లో వంట చేసే కళావతిది కడప వైపు. సంగతి విని, "నోరుండేది ఎందుకక్కా, ఫోన్ జేసి అడుగుతే పోలా" అంది. అడగడానికే భయం. అయినా ముసుగులో గుద్దులాట ఎంతసేపని, ఉతికిన దుప్పట్లు ఆరేసే వంకతో మేడెక్కి వీడియో కాల్ చేసింది.

దేవిక ఎత్తింది. మంచం మీద సూట్‌కేసు సర్దుకుంటోంది.

"పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందే?" అచ్చాయమ్మ మొదటి మాటే అది. తనది కువైట్‌లో దిగిన రోజునుంచీ మామా బీరువాలోనే ఉంది.

తన దగ్గరే ఉందంది దేవిక. ఏ ఇంట్లో పెడుతున్నారు, పిల్లలెంతమంది, మంచంలో ఉన్న ముసలాళ్ళున్నారా అని తల్లి వరసగా అడుగుతూ ఏడవడం మొదలుపెడితే ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వింది. సెలవులకి కాలేజీవాళ్ళంతా కలిసి నాలుగు రోజులు తిరిగి రావడానికి వెళ్తున్నారు, అంతే. టికెట్టు, కాలేజీ కార్డు, పాస్‌పోర్టు అన్నీ తెచ్చి కెమెరా ముందు పెట్టింది. వెనకనుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు చేతులూపారు.

అచ్చాయమ్మకి ప్రాణం లేచొచ్చింది. మొహం తుడుచుకుని, తన తెలివితక్కువతనానికి తనే కాస్త నవ్వి, పని ఉంది, ఇక పెట్టేస్తానంది.

దేవిక పెట్టనివ్వలేదు. ఆ పిల్ల మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"అమ్మా, మామా నిన్ను ఇంట్లో మనిషిలా చూస్తుందంటావు. పని తేలికేనంటావు. మరి నేనూ ఆ పనికే వెళ్తున్నాననుకుని అంతలా ఏడ్చావేంటి?"

ఇన్నేళ్ళూ ప్రతి ఫోన్‌లో జాగ్రత్తగా కట్టుకొచ్చిన అబద్ధాన్ని అచ్చాయమ్మ ఏడుపే కూల్చేసింది. కిందనుంచి మామా పిలిచింది. మళ్ళీ పిలిచింది. మామూలుగా అయితే అచ్చాయమ్మ కూతురితో, ఏం లేదమ్మా, టీ తాగడానికి రమ్మంటోంది అని చెప్పేది.

తడి దుప్పట్ల పక్కన గచ్చు మీద కూలబడింది.

"కాళ్ళు లాగేత్తన్నాయే, దేవీ" అంది. "నిలబడలేకపోతన్నాను."