లింగన్న ఉయ్యాల పాట ముగింపు

కొమురవ్వకు కుడిచెవి పోయి రెండేళ్లయింది. ఎడమచెవికీ ఎంతో కాలం లేదని జగిత్యాల డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమెది ఒకటే పట్టు: తండ్రి లింగన్న ఫిడేలు మీద వాయించిన ఉయ్యాల పాట చివరిదాకా వినాలి. చిన్నప్పుడు ఒక్కనాడూ వినలేదు. సగంలోనే నిద్రపోయేది.

కోడలు అనూష చదివిన బి.కాం.లో అత్తల పట్టుదల మీద పేపరేమీ లేదు గనుక, ఆమె బస్సెక్కింది. లింగన్న శిష్యులిద్దరినీ, కోరుట్ల అమీనుద్దీన్‌నూ సిరిసిల్ల హన్మంతునూ, ఆదివారం పొద్దున్నే ఇంటికి పిలిపించింది. అసలు ముగింపు మీరు వాయించేదేనని అత్తకు చెప్పండని ఇద్దరికీ విడివిడిగా చెవిలో వేసింది కూడా. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటారన్న సంగతి ఆమెకు తర్వాత తట్టింది.

పాట ఒకటే, మూడు దెబ్బల తాళం. ఉయ్యాల పోవడానికి ఒకటి, రావడానికి రెండు. మరమగ్గాల చప్పుడులో వాయించీ వాయించీ హన్మంతు చేతిలో అది పరుగందుకుంది. అమీనుద్దీన్ మాత్రం నడిమధ్యలో ఆగి, నాలుగు లెక్కపెట్టి, మళ్లీ ఎత్తుకున్నాడు.

"గాడ ఎందుకాగుతవ్‌ర?" అన్నాడు హన్మంతు.

"ఉస్తాద్ ఆగేటోడు."

"తీగె బిరడ జారితె బిగిచ్చుకునేటోడు. గది గూడ నేర్చుకున్నవా?"

"నలభై ఏండ్ల సంది పెండ్లిండ్లల్ల గిట్లనే వాయిస్తున్న. ఒక్కడడుగలే."

చివర్లో హన్మంతు పాట పైకి ఎక్కింది, అమీనుద్దీన్ పాట మెల్లగా కిందికి దిగింది. కొమురవ్వ ఎడమచెవి ఒగ్గి రెండూ వింది.

"గీ రెండిట్ల మా నాయినది ఏది?"

ఇద్దరూ అనూష వైపు చూశారు. అనూష గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

అమీనుద్దీన్ ఫిడేలు ఒళ్లోకి దించాడు. "అబద్ధమెందుకు చెల్లె. రెండూ ఆయినెవి గావు. నీ కండ్లు మూతవడంగనె ఆపేటోడు. గదే ఆఖరు. పెండ్లిల గట్ల నడుమ ఆపితె ఊకుంటరా? ఎవనికి తోచింది వాడు కలుపుకున్నం."

కొమురవ్వ పీట వాళ్ల దగ్గరికి జరుపుకుంది.

"గట్లయితె నేను మొత్తం ఇన్నట్టే," అంది. "మల్లొకసారి వాయించుండ్రి. ఆ కలుపుకున్నయి వద్దు."

"మరి ఎప్పుడాపాలె?" అన్నాడు హన్మంతు.

"నేను జెప్త."

పన్నెండు దాటినా చెప్పలేదు. అనూష లేచి వెళ్లి ఇంకో రెండు గ్లాసుల బియ్యం కడిగింది.