అక్క వాళ్ళ ఊరి దాకా

తూకం రాళ్ళు కారులో ఉంచాలా, దింపేయాలా అన్న దగ్గరే ఆ రోజు మొదటి గొడవ వచ్చింది.

అన్నయ్య కాటాలు బాగుచేస్తాడు. కొట్లలో బల్లమీద పెట్టుకునే చిన్న కాటా నుంచి, లారీని లారీగా తూచే గోదాము కాటా దాకా ఏది తప్పు చూపించినా అన్నయ్యనే పిలుస్తారు. కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే బరువు తెలిసిన ఇనప రాళ్ళు కావాలి. అవి ఎప్పుడూ డిక్కీలోనే ఉంటాయి. వాటి బరువుకి కారు వెనక వైపు కుంగి, గుడ్లమీద కూర్చున్న కోడిలా కనిపిస్తుంది.

"ఈ బరువుతో ఛార్జింగ్ తొందరగా తగ్గిపోతుంది, రాళ్ళు దింపించమని మా మేనేజరు మరీ మరీ చెప్పాడురా," అన్నాడు బావ. పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. చొక్కా జేబు మీద కంపెనీ బొమ్మ ఉంది.

"రాళ్ళు లేకుండా నేను గోదాముకి ఎప్పుడు వెళ్ళాను బావా? కాటా మీద నేనే ఎక్కి నిలబడేవాణ్ణా?"

"నువ్వెక్కితే ముల్లు కదలదులే."

గుమ్మంలో ఉన్న వదిన నవ్వబోయి, వాళ్ళిద్దరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. ఏడాది కిందట అయితే ఆ మాట మీద అరగంట ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. రాళ్ళు డిక్కీలోనే ఉండిపోయాయి.

బావ కార్ల షోరూంలో పనిచేస్తాడు. ఈ కరెంటు కారు అన్నయ్యకి అమ్మింది ఆయనే. షోరూం గోడ మీద మనిషంత ఎత్తున నాలుగు వందలు అని రాసి ఉంటుంది, ఒక్క ఛార్జింగ్‌కి అన్ని కిలోమీటర్లు పోతుందని. ఆ అంకె చూసే అన్నయ్య దూరపు పట్నంలో గోదాముల పని ఒప్పుకున్నాడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చినా ఇంకా మిగలాలి ఆ లెక్కన. కానీ మొదటిసారే, తిరిగొచ్చేటప్పుడు అక్క వాళ్ళ ఊరి దగ్గరికి వచ్చేసరికి ఛార్జింగ్ అడుగంటింది. గోదాములో ప్లగ్గు పెట్టుకోనివ్వరు, దారిలో ఇంకెక్కడా దిక్కు లేదు. అక్క వంటింటి కిటికీలోంచి వైరు బయటికి లాగి ఒక పూటంతా ఛార్జింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ అదే తంతు. ఇల్లు చేరేసరికి మర్నాటి పని పాడయ్యేది. ఇక్కడి కొట్లవాళ్ళు ఇంకొకణ్ణి చూసుకున్నారు. చివరికి గోదాము వాళ్ళూ, చెప్పిన రోజుకి రాని మనిషి మాకొద్దు అన్నారు.

అప్పుడు అన్నయ్య వినియోగదారుల ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. కంపెనీ పేరు మీదే ఇచ్చాడు, బావ పేరు ఎక్కడా రాయలేదు. కంపెనీ వాళ్ళు తిరిగి రాసింది ఏమిటంటే, ఆ అంకె పరీక్ష మైదానంలో వచ్చింది, ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. రోడ్డు మీద కూడా అంతే వస్తుందని అమ్మినవాడు నోటితో హామీ ఇచ్చి ఉంటే చెప్పండి, మీ డబ్బు మీకిచ్చి అతని మీద చర్య తీసుకుంటాం అని. అంటే అన్నయ్య గెలవాలంటే బావ మాటిచ్చాడని చెప్పాలి. చెబితే బావ ఉద్యోగం పోతుంది.

అది తెలిసిన రోజు నుంచి అక్క ఫోన్ చెయ్యడం మానేసింది. అమ్మ పోయాక మా ఇద్దరికీ తల దువ్వి బడికి పంపింది అక్కే. అన్నయ్యకి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది కూడా తనే.

విచారణకి ముందు, అన్నయ్య పట్నం వెళ్ళొచ్చిన దారిలోనే ఇరువైపులవాళ్ళూ కలిసి కారు నడిపి చూడమని ఆఫీసరు చెప్పాడు. ఇద్దరికీ నమ్మకమైన మనిషి ఒకరు వెనక కూర్చుని మీటరు చూడాలి. "చిన్నిని తీసుకెళ్దాం, దానికి నోరు లేదు కాబట్టి ఇద్దరికీ పనికొస్తుంది," అన్నాడట బావ. అలా నేను వెళ్ళాను.

అన్నయ్య నడుపుతున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా నా వీపు వెనక రాళ్ళు గణగణమన్నాయి.

"కాస్త మెల్లగా తొక్కరా."

"రోజూ ఎలా తొక్కుతానో అలాగే తొక్కుతున్నా."

"ఏసీ అయినా కట్టెయ్యి."

"అద్దాలు కూడా తీయొద్దంటావేమో. ఊపిరి పీల్చుకోవచ్చా బావా, దానికి కూడా ఛార్జింగ్ ఖర్చవుతుందా?"

బావ బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అన్నయ్యే మళ్ళీ అడిగాడు. "అవును గానీ బావా, మీ షోరూంలో కిలోకి ఎన్ని గ్రాములు?"

"ఎండాకాలమా, చలికాలమా?" అన్నాడు బావ తడుముకోకుండా.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. అంతా అయిపోయిందేమో, ఇక వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చేమో అనిపించింది ఆ కాసేపూ. తర్వాత అన్నయ్య, "నా పనిలో ఆ మాటంటే జైల్లో పెడతారు," అన్నాడు.

పట్నం వెళ్ళి, గోదాము గేటు దగ్గర కారు తిప్పుకుని, వచ్చిన దారినే బయలుదేరాం. మీటరులో అంకెలు చక్రాలు తిరిగేదానికంటే తొందరగా తరుగుతున్నాయి. బావ వాటినే చూస్తూ ఉన్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

"నేను అందరికీ చెప్తాన్రా. కొనే ముందు పక్కకి పిలిచి, గోడ మీద రాసిన దాంట్లో మూడో వంతు తీసేసుకోండి అని చెప్తాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా చెప్తాను. మా మేనేజరుకి తెలిసి ఉంటే అప్పుడే ఇంటికి పంపేవాడు."

"నాకు చెప్పలేదే."

"పక్కకి పిలిచి చెప్పడానికి నువ్వు పరాయివాడివా? ఆ రోజు మేనేజరు మన వెనకే తిరుగుతున్నాడు. ఇంటికెళ్ళాక మీ అక్కతో అన్నాను, మీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పు, అక్కర్లేకపోతే బయానా వెనక్కి ఇప్పిస్తాను అని. తెలిసే కొన్నావనుకున్నా. ఫిర్యాదు కాగితం వచ్చాక కూడా, తెలిసి తెలిసి నా మీదికి వచ్చాడే అనుకున్నాను."

స్టీరింగు మీద అన్నయ్య చేతులు కొంచెం పైకి జరిగాయి.

అక్క వాళ్ళ ఊరు వచ్చేసరికి, ఛార్జింగ్ అడుగంటిందని కారు గంట కొట్టడం మొదలెట్టింది. ఛార్జింగ్ అయిపోయేదాకా ఆగకూడదన్నది షరతు. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. కిటికీలోంచి వైరు అప్పటికే కిందికి వేలాడుతోంది. అన్నయ్య కాలు తీయలేదు. వెనక అద్దంలోంచి చూశాను. అక్క చెయ్యి సగం ఎత్తి, అలాగే ఉంచేసింది.

ఇంకొంచెం దూరం పోయి, ఒక పెట్రోలు బంకు ముందు కారు తనంతట తనే నెమ్మదించి నిలిచిపోయింది.

"వెతుక్కుని వెతుక్కుని మంచి చోటే ఆగింది," అన్నాడు బావ. ఆ మాటలో నవ్వు లేదు. మీటరు చూశాను. గోడ మీది అంకెలో సరిగ్గా మూడో వంతు తక్కువ. నేను రాసిచ్చిన కాగితం మీద ఇద్దరూ సంతకం చేశారు. అన్నయ్య మాటే నిజమైంది. అయినా మొహంలో గెలిచిన వెలుగు ఎక్కడా లేదు.

లాక్కెళ్ళే బండి కోసం బావని అక్కడే ఉంచి, అన్నయ్య వెనక్కి నడిచాడు. నేనూ వెంట నడిచాను.

అక్క వంటింట్లో ఉంది. అన్నయ్య చెప్పులు విడుస్తూనే అడిగాడు. "బావ నాకు చెప్పమన్నాడా అక్కా?"

అక్క అబద్ధం ఆడే మనిషి కాదు. "చెప్పమన్నారు," అంది.

"మర్చిపోయావా?"

"లేదు." స్టవ్వు శుభ్రంగానే ఉంది. అయినా గుడ్డ తీసుకుని తుడవడం మొదలెట్టింది. "ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత ఊరికే లెక్క వేశాన్రా, మూడో వంతు పోతే ఎక్కడి దాకా వస్తుందా అని. ఇక్కడి దాకా వచ్చింది."

అన్నయ్యకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. తల వంచుకున్నాను.

"ఇన్నేళ్ళయింది నా పెళ్ళయి. ఏదో పని పడితే తప్ప ఈ గడప ఎప్పుడైనా తొక్కావా? వచ్చినా నిలబడే మాట్లాడతావు. నువ్వు పట్నం పోయి వచ్చేటప్పుడు ఒక పూట కూర్చుంటావు కదా అనుకున్నాను. కూర్చున్నావు కూడా. నీ పని పోతుందని అనుకోలేదురా. ఆ ఆలోచనే రాలేదు నాకు."

నాకు ఆ పూటలు గుర్తొచ్చాయి. పట్నం నుంచి వచ్చి అన్నయ్య విసుక్కుంటూనే చెప్పేవాడు, అక్క ఇలా అంది, అక్క అలా అంది అని. అంతకు ముందు ఎన్నడూ అక్క మాటలు ఇంటికి తెచ్చిన మనిషి కాదు.

"చెప్పి ఉంటే పెద్ద బ్యాటరీ ఉన్నది తీసుకునేవాణ్ణి కదక్కా," అన్నాడు.

"అందుకే చెప్పలేదు."

అన్నయ్య కుండలోంచి తనే నీళ్ళు ముంచుకుని తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. "బండి వచ్చి ఉంటుంది, వెళ్తాను," అన్నాడు. అక్క గేటు దాకా రాలేదు.

విచారణ రోజు కంపెనీ లాయరు ఎదురుగా కూర్చున్నాడు. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మీటరు కాగితం చూసి ఆఫీసరు తల ఊపాడు. "ఇంత తేడా అంటే ఎక్కువే. ఇప్పుడు ఒక్క ముక్క చెప్పండి. రోడ్డు మీద నాలుగు వందలు వస్తుందని అమ్మినాయన మీకు మాటిచ్చాడా?"

అన్నయ్య ఔనంటే చాలు. కారు డబ్బు తిరిగి వచ్చేది.

"ఇవ్వలేదండి. ఎంత వస్తుందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు."

"అంత తక్కువ వస్తుందని మీకు ఎవరూ చెప్పలేదా?"

అన్నయ్య కొంచెం ఆగాడు. కాటా మీద ముల్లు నిలబడే దాకా చూస్తాడు కదా, అలా ఆగాడు. "చెప్పాల్సిన వాళ్ళు చెప్పలేదండి. వాళ్ళు కంపెనీ వాళ్ళు కాదండి."

ఆఫీసరు కాగితాలు మూసేశాడు. చిన్న అక్షరాలే నెగ్గాయి. కంపెనీ వాళ్ళు ఏడాది పాటు సర్వీసు ఉచితంగా చేస్తామన్నారు. మెట్లు దిగుతుంటే బావ వెనక నుంచి "ఒరేయ్" అని పిలిచాడు. అన్నయ్య ఆగాడు. బావ ఇంకో మెట్టు దిగి నిలబడ్డాడు. "బస్సుకి టైమవుతుంది, నువ్వు బయలుదేరు బావా," అని అన్నయ్యే ఆయన్ని పంపేశాడు.

ఆ కారు వచ్చిన ధరకి అమ్మేశాడు. కొనేవాడికి అసలు ఎంత వస్తుందో ముందే చెప్పాడు కాబట్టి ధర పెద్దగా రాలేదు. ఇప్పుడు పాత డీజిలు వ్యాను ఉంది. ఆ దారిలో చిన్న చిన్న పనులు మళ్ళీ దొరుకుతున్నాయి. వ్యాను ఎక్కడా ఆగాల్సిన పని లేదు. అక్కకీ అన్నయ్యకీ మాటలు తెగిపోలేదు, ఫోన్ వస్తే బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటారు. అక్క నాతో మాట్లాడేటప్పుడు మాత్రం, చివర్లో, పెట్టేసే ముందు అడుగుతుంది. "వాడు ఈ వారం ఇటు వచ్చాడా?" వచ్చాడంటాను. "ఊఁ," అని పెట్టేస్తుంది.

మొన్న అన్నయ్య వరండాలో కూర్చుని ఒక కొట్టువాడి కాటా విప్పుతున్నాడు. పక్కన కూర్చుని స్క్రూలు మూతలో వేస్తూ అన్నాను. "ఈసారి వచ్చేటప్పుడు అక్క దగ్గర ఆగొచ్చు కదా అన్నయ్యా."

"కోపం ఏం లేదే నాకు."

"లేదని తెలుసు. ఆగొచ్చు కదా అంటున్నా."

"ఆగి? ఏం పని మీద వచ్చానని చెప్పను?"

"ఏ పనీ లేదని చెప్పు. ఊరికే వచ్చానను."

అన్నయ్య చేతిలోని కాటా పళ్ళెం కింద పెట్టాడు. ఈ వయసులో ఏదో కొత్త విద్య నేర్చుకోమన్నట్టు నా వైపు చూశాడు.

"అలా వెళ్ళడం నాకు రాదే," అన్నాడు.