నోట్సు చెప్పని క్లాసు

తాడేపల్లిగూడెంలోని ఆ కంప్యూటర్ సెంటర్‌లో స్టెల్లా జావా ప్రోగ్రామింగ్ చెప్పడానికి చేరి ఏడాది కావస్తోంది. రోజూ ఏలూరు నుంచి రైల్లో వచ్చేది. యజమాని భీమశంకరం గారిది ఒకటే మాట: "నోట్సు చెప్పండి, రాసుకుంటారు." ఇష్టం లేకపోయినా ఇన్నాళ్లూ ఆమె అలాగే చెబుతూ వచ్చింది.

2006 వేసవిలో ఒక పొద్దుట తేజశ్రీ అనే విద్యార్థిని స్క్రీన్ చూపించింది.

"మేడం, ఒకే ఇటరేటర్‌తో రెండు లూపులు రాశానండి. మొదటిదాంట్లో పేర్లన్నీ వచ్చాయి, రెండోదాంట్లో ఒక్కటీ రాలేదు. లిస్టు చెరిగిపోయిందాండీ?"

నోట్సులో ఉన్నది 'లిస్టులోవి ఒక్కొక్కటిగా అందించేది ఇటరేటర్' అన్న నిర్వచనమే. జవాబు లేదు. స్టెల్లా ఆ కాగితాలు బల్ల మీద పడేసింది.

"అందరూ వరసగా నిలబడండి. తేజశ్రీ, ఒక్కొక్కరి పేరూ అడుగుతూ వెళ్ళు."

తేజశ్రీ చివరిదాకా వెళ్ళి ఆగింది.

"ఇంకా అడుగు."

"ఇంకెవరూ లేరు కదండీ."

"వీళ్ళంతా చెరిగిపోయారా?"

"లేదండీ, నేనే చివరికొచ్చేశాను."

"అదీ! ఈ వరసే నీ లిస్టు, అంటే ఇటరబుల్. ఎన్నిసార్లయినా మొదట్నుంచి చూడొచ్చు. ఎందాకా వచ్చావో గుర్తుంచుకుని నడిచే నువ్వు ఇటరేటర్‌వి. చివరికొచ్చాక నీ పని అయిపోయింది. మళ్ళీ కావాలంటే లిస్టును కొత్త ఇటరేటర్ అడగాలి. బాబీ, కొత్త ఇటరేటర్‌వి నువ్వు, బయల్దేరు."

బాబీ మొదటి నుంచి పేర్లు అడుగుతుంటే నవ్వులు లేచాయి. ఆ సందడికి భీమశంకరం గారు వచ్చారు.

"ఏవండీ ఈ ఆటలు? నోట్సేదీ?"

"నోట్సు చెప్పనండి. అర్థమయ్యేలా చెప్తాను."

"పిల్లల ముందే ఎదురు చెప్తారా? అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

స్టెల్లా ఆయన వైపు తిరిగింది. "రేపు రానండి. ఈ క్లాసు మాత్రం పూర్తి చేసే వెళ్తాను. కూర్చుంటే మీరూ వినొచ్చు."

ఆయన విసురుగా వెళ్ళిపోయారు. తేజశ్రీ రెండో లూపుకు ముందు కొత్త ఇటరేటర్ తీసుకుంది. పేర్లన్నీ స్క్రీన్ మీదికి దిగాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ దాటినా ఎవరూ లేవలేదు.

ఇంటికెళ్ళాక సంగతి విని తల్లి మరియమ్మ తల పట్టుకుంది.

"పొద్దున్నే వెళ్ళి ఒక్క మాట, తప్పయిందని చెప్పవే తల్లీ."

"తప్పు చేస్తే చెప్పేదాన్నమ్మా. ముందు గది ఖాళీ చెయ్యి. తేజశ్రీ, బాబీ ఆదివారం పాఠానికి ఇక్కడికే వస్తామన్నారు."

మరియమ్మ గొణుక్కుంటూనే మంచం పక్కకు జరిపింది.