ఉస్మాన్ ఇంటి గుర్రాలు

యాదగిరి తెల్లవారుజామునే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాళ్ళవనానికి పోయేవాడు. కల్లు దించి, లొట్లను కావడిలో పెట్టుకుని ఊళ్ళోకి వచ్చేసరికి దర్జీ ఉస్మాన్ అరుగు ఊడ్చి, కుట్టుమిషను తుడిచి, దాని పక్కన చదరంగం బల్ల పరిచి ఉండేవాడు. కూలికి పోయే ఆడవాళ్ళు అరుగు ముందు ఒక్క క్షణం ఆగేవాళ్ళు.

"గుర్రాలెటు జూస్తున్నయి, ఉస్మాన్?"

"ఎదురుగనే," అనేవాడు ఉస్మాన్. వాళ్ళు కొడవళ్ళు నడుముకు దోపుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ఊరు పాలకుర్తికి కోసెడు దూరంలో ఉంది. ఊరి మీదికి ఎవరైనా ఆయుధాలతో వస్తున్నారంటే, వాళ్ళు వచ్చే దారివైపు ఆ బల్ల మీది కొయ్యగుర్రాలు ముందే మొఖం తిప్పేవి. ఉస్మాన్ తండ్రి ఉన్నప్పుడు దొర మనుషులు వస్తుంటే తిప్పేవి. తర్వాత రజాకార్లు వస్తుంటే తిప్పాయి. ఇప్పుడు రజాకార్లు పోయి యూనియన్ పోలీసులొచ్చారు. గుర్రాలకు తీరిక మాత్రం దొరకలేదు. అవి తిరిగినప్పుడల్లా ఉస్మాన్ భార్య షహనాజ్ బేగం ఒక తడిబట్ట తెచ్చి, ఏ దారి చెడ్డదో ఆ వైపు దండెం కొసన ఆరేసేది. భూముల కోసం కొట్లాడే సంఘంలో తిరిగే మగవాళ్ళు రెండోవైపు నుంచి బైటపడేవాళ్ళు. కాకి అరిస్తే చుట్టాలొస్తారని నమ్మినంత మామూలుగా ఊరు వాటిని నమ్ముకుంది.

అలాంటి గుర్రాలు మాఘమాసంలో ఒకసారి తిరగలేదు. అడవిలో దళంతో ఉంటున్న లస్మయ్య, తల్లి బుచ్చవ్వను చూడటానికి వచ్చి ఇంట్లో పడుకున్నాడు. తెల్లారేసరికి పోలీసులు వాగు దారిన వచ్చి పట్టుకుపోయారు. దండెం మీద బట్ట లేదు. బుచ్చవ్వ వీధిలో నిలబడి, "గుర్రాలు గుడ్డియైనయా, అమ్ముడు వోయినయా?" అని గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఉస్మాన్ అరుగు ముందు ఆగలేదు.

ఊరు ఊరికే ఉంటుందా? రోజూ సాయంత్రం పోలీసు క్యాంపు జమేదారు ఆ అరుగు మీదే కూర్చుంటున్నాడు. కోస్తా మనిషి. ఖాకీ చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చి, బల్ల చూసి, ఆట నేర్పమని చతికిలబడ్డాడు. తుపాకీ ఉన్నవాణ్ణి లేవమని ఏ దర్జీ అంటాడు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. జమేదారుతో ఉస్మాన్ తాగింది ఉత్త చాయే అయినా ఊరు ఇంకేదో అనుకుంది.

ఒకరోజు తాళ్ళవనంలో మంగ్లీ ఎదురైంది. వనం అవతలి తండాలో ఉంటుంది. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వచ్చిపోతూ దళానికి కబుర్లు మోస్తుంది.

"యాదన్నా, దళపోల్లు అడుగుతున్నరు. ఉస్మాన్ మనోడా, క్యాంపోడా?"

"నాకేమెరుక?"

"ఎరుక జేసుకో. ఆట నేర్చుకుంటనని పోయి కూసో. నీ మాట మీదనే ఉంటది."

"ఏముంటది?"

"ఆయన పానం," అంది మంగ్లీ, మోపు సర్దుకుంటూ.

మర్నాడు యాదగిరి కావడి దించి అరుగెక్కాడు. ఉస్మాన్ అతణ్ణి తలనుంచి కాళ్ళదాకా చూశాడు.

"చెట్లెక్కెటోనికి షత్రంజ్ మీద మనసెందుకైంది?"

"జర నేర్చుకుందామని, భాయ్."

ఒకరి మాట ఒకరు నమ్మలేదు. క్యాంపుకు కల్లు పోసేది యాదగిరే అని ఉస్మాన్‌కు తెలుసు. జమేదారుకు బల్ల పరిచేది ఉస్మానే అని యాదగిరికి తెలుసు. ఇద్దరి మధ్యా బల్ల ఒక్కటే ఏ అనుమానమూ లేకుండా పడుకుని ఉంది.

"మొదలు ఏది జరుపాలె?"

"గుర్రం దియ్యి," అన్నాడు ఉస్మాన్ వెంటనే. "బంటు ముందటికి పోతే మర్లి రాదు. గుర్రం తప్పుజేసినా ఎనుకకు రావచ్చు. కొత్తోనికి గుర్రమే మంచిది. రెండూ దియ్యి."

మాట బాగానే ఉంది. యాదగిరి రోజూ పొద్దున్న గుర్రాలు తీసి ఆడాడు, రోజూ ఓడాడు. ఓడటం అతనికి పట్టలేదు. అతను వచ్చింది గెలవడానికి కాదు కదా.

సాయంత్రాలు కానిస్టేబుళ్ళకు కల్లు వంచుతూ ఓరకంట బల్ల చూసేవాడు. జమేదారు కూడా కొత్తవాడే. ఒకనాడు గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"ఏవయ్యా ఉస్మానూ, మొదటి ఎత్తు ఏం వెయ్యమంటావ్? గుర్రం తియ్యనా?"

"వద్దు సాబ్. గుర్రాలు తీసుడు పిల్లల ఆట. రాజు ముందటి బంటు జరుపుండ్రి. ఆటెన్క మంత్రి ముందటిది."

యాదగిరి లొట్టి వంచడం ఆపాడు. నాకు గుర్రం, వాడికి బంటా? ఒకే గురువు, ఒకే బల్ల, రెండు పాఠాలా? ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. లస్మయ్యను పట్టుకుపోయిన దానికి ముందు సాయంత్రం కూడా అతను ఇదే అరుగు దగ్గర కల్లు వంచాడు. ఆనాడు నాలుగు గుర్రాలూ బల్ల నడుమ ఉన్నాయి. ఆ తర్వాత ఏ సాయంత్రమూ ఒక్క గుర్రం కదిలింది లేదు.

అనుమానం పెనుభూతం అన్నారు. అది పట్టినవాడికి ప్రతిదీ సాక్ష్యమే. మర్నాడు వనంలో మంగ్లీతో అనేశాడు.

"గుర్రాలు బైటికి దీస్తే, మనిషి ఇంట్ల ఉన్నడని జమేదారుకు ఇషార."

"నిజమేనా యాదన్నా?"

"నా కండ్లతోని జూసిన."

"సరే. రేపు పొద్దుగాల వస్తరు," అంది మంగ్లీ. ఆ రోజు యాదగిరికి తన కల్లే తనకు చేదయింది.

పొద్దున్నే అరుగు దగ్గరికి పోకూడదనుకున్నాడు. పోకపోతే ఉస్మాన్‌కు అనుమానం వస్తుందని పోయాడు. మోకు భుజాననే ఉంచుకుని కూర్చున్నాడు. ఈ ఒక్కరోజైనా దొంగ పాఠం ఆడకూడదని, రాజు ముందటి బంటు జరిపాడు.

ఉస్మాన్ ఉలిక్కిపడ్డాడు. "గుర్రం దియ్యి."

"బంటే."

"నేను జెప్పిందేంది?"

"జమేదారుకు జెప్పిన పాఠం నాకెందుకు జెప్పవు, భాయ్?"

ఉస్మాన్ తన గుర్రాలు రెండూ చకచకా బైటికి తీశాడు. యాదగిరి మొండిగా ఇంకో బంటు జరిపాడు. అప్పుడు అతని గుర్రాలు, గళ్ళలో ఉన్నవి ఉన్నట్టే, మెల్లగా మెడ తిప్పాయి. తాళ్ళవనం వైపు. ఉస్మాన్ గుర్రాలు బల్ల నడుమ కొయ్యల్లా నిలబడే ఉన్నాయి.

"నీయెందుకు తిరుగలె?" అన్నాడు యాదగిరి.

ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, ఉస్మాన్ చెప్పాడు.

"సొంత గడిల ఉన్నప్పుడే వాటికి చూపు. గడి దాటితే ఉత్త కొయ్య."

"మరి లస్మయ్య దొరికిననాడు..."

"ఆ పొద్దు గుర్రాలతోనే ఆడాలని జమేదారు పట్టువట్టిండు. నేనూ ఆట మత్తుల పడ్డ. నాలుగూ బైటికొచ్చినయి. ఆట ఒడవకముందే చీకటైంది. బల్ల అట్లనే ఇడిచి పండుకున్న." ఉస్మాన్ వీధివైపు చూశాడు. "బుచ్చవ్వ మొఖం జూడలేకపోతున్న, యాదగిరీ."

"నాకు గుర్రం తియ్యమని ఎందుకు జెప్పినవు?"

"క్యాంపుకు కల్లు వోసేది నువ్వు. జమేదారుకు గుర్రాల సంగతి తెల్వది, నీకెరుకే. అవి ఎటు తిరిగినయో నీ కంట వడొద్దని."

యాదగిరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంతలో షహనాజ్ బేగం తడిబట్ట పట్టుకుని వచ్చి, గుర్రాలను చూసి ఆగిపోయింది.

"తాళ్ళవనమా? అటునుంచి పోలీసులు ఎన్నడు రాలే గదా!"

"పోలీసులు గాదు ఆపా," అన్నాడు యాదగిరి.

ఉస్మాన్‌కు అర్థమైంది. వస్తున్నది దళం, తనకోసమే. పాలకుర్తి బాట ఖాళీగా ఉంది, పారిపోవచ్చు. అతను కదల్లేదు.

"నేనురికితే నిజమే అనుకుంటరు," అన్నాడు. "ఎత్తు నీదే. ఏం జేస్తవో చెయ్యి."

యాదగిరి పరుగెత్తాడు. వనం మధ్యలోనే మంగ్లీ, దళం నుంచి వచ్చిన బాల్‌సింగ్, మరో మనిషి ఎదురయ్యారు. యాదగిరి చేతులు అడ్డంపెట్టి, రొప్పుతూనే అంతా చెప్పాడు.

"నిన్నొక మాట, ఇయ్యాలొక మాట," అన్నాడు బాల్‌సింగ్. "నడుమల నిన్నెవలు కొన్నరు?"

"గుర్రాల సంగతి మీకెరుకే గదా!"

"గుర్రాల మీద నమ్మకముంది. నీ మీదనే లేదు."

ఆ మాట యాదగిరికి గుచ్చుకుంది, కానీ తప్పనిపించలేదు. భుజాన ఉన్న మోకు తీసి మంగ్లీ కాళ్ళ దగ్గర పెట్టాడు. మోకు లేని గీతకాడు చెట్టెక్కలేడు. రోజూ గెల గీయకపోతే చెట్టు కల్లు మానేస్తుంది.

"ఉంచుకోండ్రి. మళ్ళ పోలీసులొచ్చేటప్పుడు బట్ట ఎక్కకపోతే ఉస్మాన్‌ను కాదు, నన్ను తీస్కపోండ్రి."

బాల్‌సింగ్ మోకునూ యాదగిరినీ మార్చి మార్చి చూసి వెనక్కి తిరిగాడు. మోకును మంగ్లీ తీసుకుంది. అక్కడ అరుగు మీద గుర్రాలు మళ్ళీ ఎదురుగా చూశాయి. షహనాజ్ బేగం గోడకు ఆనుకుని కూలబడి, తడిబట్టలో మొఖం దాచుకుని ఏడ్చింది.

యాదగిరి చెట్లు ఒక్కటొక్కటే ఎండిపోయాయి. "చదరంగం కల్లు వోస్తదా, గంజి వోస్తదా?" అని భార్య మైసమ్మ తిడుతూనే ఉంది. అతను పొద్దస్తమానం అరుగు మీదే ఉండి బంట్లు మాత్రం జరుపుతూ ఆట నేర్చుకున్నాడు. కల్లు రాకపోయేసరికి జమేదారుకు అనుమానం వచ్చింది.

"చెట్లెక్కడం మానేశావేం?"

"నడుం వట్టింది సారూ."

జమేదారు అతని నడుము వంక గుచ్చిగుచ్చి చూశాడు. "అయితే నాతో ఓ ఆట ఆడు. ఉస్మాను బంట్లతో విసిగించేస్తున్నాడు. ఇవాళ నేను గుర్రాలతోనే మొదలెడతాను."

తన గుర్రాలు రెండూ ఠపీమని బైటికి దూకించాడు. "ఊఁ, నువ్వూ తియ్యి."

"కొత్తోన్ని సారూ. బంట్లతోనే అలవాటైంది," అన్నాడు యాదగిరి. బంటు జరిపాడు. ఇంకోటి జరిపాడు. అతని గుర్రాలు జమేదారు కళ్ళముందే వాగు వైపు మొఖం తిప్పాయి.

"మీ ఊరి గుర్రాలకి మెడ పట్టేసిందా ఏవిటి?" జమేదారు వేలితో వాటిని సరిచేశాడు. అవి మళ్ళీ తిరిగాయి. "గుర్రాలకి కూడా క్రమశిక్షణ లేదు!" అని తల ఎత్తాడు. షహనాజ్ బేగం దండెం కొసన తడిబట్ట ఆరేస్తోంది. "ఈ వేళప్పుడు ఉతుకులేవిటమ్మా?"

"పిల్లలున్న ఇల్లు సాబ్," అంది ఆమె, తిరిగి చూడకుండా. జమేదారు బట్టను చూశాడు, ఆమెను చూశాడు. ఆఖరికి బల్ల మీద తన ఒంటెను యాదగిరి కొట్టబోతున్నాడని గమనించి ఆటలో పడ్డాడు.

తెల్లారి పోలీసులు వాగు దారిన వచ్చారు. ఇల్లిల్లూ వెతికారు. ముసలివాళ్ళు, మేకలు తప్ప ఎవరూ దొరకలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక మంగ్లీ కట్టెలు అమ్ముతూ వచ్చింది. అరుగు ముందు మోపు దబ్బున పడేసింది. "నీకే, యాదన్నా," అని వెళ్ళిపోయింది. ఆ మోపును కట్టి తెచ్చింది యాదగిరి మోకుతోనే. అతను ముడి విప్పాడు. చెట్లకు మళ్ళీ కల్లు పారాలంటే వచ్చే ఏడాదే. అయినా మోకును భుజాన వేసుకుని, బల్ల మీది నాలుగు గుర్రాలనూ వాటి గళ్ళలో పెట్టాడు.

అప్పుడు వీధిలో బుచ్చవ్వ వచ్చింది. కొడుకు ఇంకా జైల్లోనే ఉన్నాడు. అరుగు దాటిపోయి, నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది.

"గుర్రాలెటు జూస్తున్నయి, ఉస్మాన్?"

ఉస్మాన్ గబుక్కున లేచి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. యాదగిరే చెప్పాడు.

"ఎదురుగనే, అవ్వా."